గెస్ట్ అణువు లోపలికి దూరాక హోస్ట్ ఏమవుతుంది? సెమినార్‌కి సాయం కావాలి

మద్దిలపాలెం_కుర్రాడు | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఆర్గానిక్ ఫైనలియర్. సెమినార్‌కి హోస్ట్-గెస్ట్ కెమిస్ట్రీ ఇచ్చారు. ఏ నోట్స్ తీసినా ఒకటే వరస, హోస్ట్ వల్ల గెస్ట్‌కి ఏం మేలు జరిగిందో రాస్తారు. కరగని మందు కరిగింది, ఆవిరైపోయేది నిలిచింది, చేదు తగ్గింది, అంతే. మా మేడమ్ స్లైడ్లు చూసి "ఇది అందరూ చెప్పేదే, గెస్ట్ వల్ల హోస్ట్ ప్రవర్తన ఎలా మారుతుందో అది చెప్పు" అనేసి వెళ్లిపోయారు. ఆ వైపు నా దగ్గర సరుకు లేదు. గురువారమే సెమినార్. ఫార్మాలో చేసేవాళ్లు, మాస్టార్లు ఎవరైనా ఉంటే కాస్త దారి చూపించండి, టెన్షన్‌గా ఉంది.

గాజువాక_గిరి | 9:20

నేను బీకామ్ తమ్ముడూ. హోస్ట్ అంటే నాకు తెలిసింది టీవీ యాంకరే. ఇదేటో ఎవరైనా రెండు ముక్కల్లో చెప్తే ఉంటాను, లేకపోతే పోయి పడుకుంటాను.

ఎంవీపీ_మాస్టారు | 9:41

ఉండండి గిరి గారూ. మధ్యలో ఖాళీ ఉన్న పెద్ద అణువు హోస్ట్. ఆ ఖాళీలో దూరి కూర్చునే చిన్న అణువో అయానో గెస్ట్. ఇద్దరి మధ్యా గట్టి రసాయన బంధం ఉండదు. హైడ్రోజన్ బంధాలు, ఆవేశాల ఆకర్షణ, నీటికి దూరంగా ఉండాలనే నూనె స్వభావం, ఇలాంటి చిన్న చిన్న బలాలు కలిసి పట్టి ఉంచుతాయి. అందుకే గెస్ట్ వస్తుంది, పోతుంది కూడా.

ఇక బాబూ, మీ మేడమ్ అడిగింది అసలైన ప్రశ్న. 1894లో ఎమిల్ ఫిషర్ ఎంజైముల గురించి తాళం, తాళంచెవి పోలిక తెచ్చాడు. అది ఎంత బాగా కుదిరిందంటే అప్పటి నుంచీ అందరూ తాళం కదలదనే అనుకున్నారు. 1958లో కోష్లాండ్ వచ్చి, గెస్ట్ తాకితే ఎంజైమ్ తన ఆకారం సర్దుకుంటుందని చెప్పేదాకా ఆ పట్టు సడలలేదు. నీ సెమినార్ ఇక్కడ మొదలుపెట్టు, కానీ ఇక్కడే రెండు స్లైడ్లు తినెయ్యకు.

మొదటి ఉదాహరణగా 18-క్రౌన్-6 అనే క్రౌన్ ఈథర్ రింగు తీసుకో. పెడర్సన్ డ్యూపాంట్ కంపెనీలో పనిచేస్తూ 1967లో క్రౌన్ ఈథర్ల గురించి ప్రచురించాడు. పీహెచ్‌డీ కూడా లేదు ఆయనకి. 1987లో క్రామ్, లెన్‌లతో కలిసి నోబెల్ అందుకున్నాడు. పుస్తకాల్లో ఈ అణువుని ఎప్పుడూ గుండ్రంగా, ఆరు ఆక్సిజన్లూ లోపలికి చూస్తూ, మధ్యలో చక్కటి రంధ్రంతో గీస్తారు కదా. అది పొటాషియం కూర్చున్న తర్వాత తీసిన బొమ్మ! ఖాళీ 18-క్రౌన్-6 స్ఫటికాన్ని ఎక్స్-రేలో చూస్తే రింగు సాగిపోయి ఉంటుంది, రెండు సీహెచ్2 ముక్కలు లోపలికి మడుచుకుని ఆ రంధ్రాన్ని అవే పూడ్చేస్తాయి. ఖాళీ గుడ్డసంచీ తనలో తను కుంగిపోయినట్టు. పొటాషియం రాగానే ఆ సీహెచ్2లు బయటికి తిరుగుతాయి, ఆరు ఆక్సిజన్లూ లోపలికి తిరుగుతాయి, అప్పుడు గాని దానికి కిరీటం ఆకారం రాదు. అంటే మనం హోస్ట్ ఆకారం అని చదువుకుంటున్నది నిజానికి గెస్ట్ ఇచ్చిన ఆకారం.

మద్దిలపాలెం_కుర్రాడు | 9:58

మాస్టారూ ఇది ఏ నోట్స్‌లోనూ చూడలేదు! ఆకారం ఒక్కటేనా మారేది? కరిగే గుణం కూడా మారుతుందా?

ఎంవీపీ_మాస్టారు | 10:06

ఎందుకు మారదు. ఆక్సిజన్లు లోపలికి తిరిగాయంటే బయట మిగిలింది హైడ్రోకార్బన్ తొడుగే. కాబట్టి పొటాషియం పర్మాంగనేట్ తీసుకుంటే, పొటాషియంని ఎత్తుకున్న రింగు బెంజీన్‌లోకి హాయిగా వెళ్లిపోతుంది, ఆవేశం సరిపోవాలి కాబట్టి పర్మాంగనేట్ కూడా వెనకాలే వస్తుంది. బెంజీన్ ఊదారంగుకి తిరుగుతుంది, దాన్ని పర్పుల్ బెంజీన్ అనే పిలిచేవాళ్లం. ఇంకో సంగతి, పట్టు ఎంత గట్టిగా ఉంటుందన్నది ద్రావణిని బట్టి మారిపోతుంది. ఇదే రింగు, ఇదే పొటాషియం, బంధక స్థిరాంకం (పట్టు ఎంత గట్టిదో చెప్పే అంకె) నీటిలో దాదాపు 10^2, మెథనాల్‌లో దాదాపు 10^6. నీటిలో పొటాషియం చుట్టూ ఉన్న నీటి అణువుల్ని ఒలిచెయ్యాలి, ఆ ఖర్చు ఎక్కువ. హోస్ట్ గురించి మాట్లాడేటప్పుడు నీటిని మర్చిపోయినవాడికి నేనైతే మార్కులు వెయ్యను.

వంటింటి_బీఎస్సీ | 10:30

నాది పాతకాలం బీఎస్సీ, ఇప్పుడు వంటిల్లే ల్యాబు. కానీ గెస్ట్ వల్ల హోస్ట్ మారడం కళ్లారా చూడాలంటే క్రౌన్ ఈథర్ కొనక్కర్లేదు బాబూ, గంజి చాలు. అన్నం వార్చిన గంజి పల్చగా చేసి చల్లార్చి గాజు గ్లాసులో పోయండి, దెబ్బలకి రాసే పోవిడోన్ అయోడిన్ రెండు చుక్కలు వెయ్యండి. గోధుమరంగు చుక్క గంజిని తాకిన చోటే ముదురు నీలం పొరలా విచ్చుకుంటుంది, స్పూనుతో తిప్పితే గ్లాసంతా సిరా. ఇప్పుడు గ్లాసు మరిగే నీళ్ల గిన్నెలో కాసేపు పెట్టండి (పల్చటి గాజైతే పగులుతుంది, స్టీలు గ్లాసులోకి మార్చుకోండి). నీలం మెల్లగా వెలిసిపోయి దాదాపు నీళ్లరంగు అవుతుంది. తీసి పక్కన పెడితే చల్లారుతూ మళ్లీ నీలం తిరిగొస్తుంది, మొదటంత ముదురుగా రాకపోవచ్చు, కొంత అయోడిన్ ఆవిరైపోతుంది కదా. మా పిల్లలకి చూపించాను, మ్యాజిక్ అన్నారు. తాగేది కాదు, పారబొయ్యండి.

ఇందులో హోస్ట్ అమైలోజ్, అంటే గంజి పిండిలోని పొడవాటి గ్లూకోజు గొలుసు. నీటిలో అది వదులుగా, ఇష్టమొచ్చినట్టు వంకర్లు తిరిగి ఉంటుంది. అయోడిన్ వచ్చి ఆ గొలుసు లోపల చేరితేనే అది చుట్టకి ఆరు గ్లూకోజుల చొప్పున గట్టి స్ప్రింగులా బిగుసుకుంటుంది. వేడికి చుట్ట వదులైతే అయోడిన్ బయటికి పోతుంది, రంగు పోతుంది. అంటే ఆ చుట్ట గెస్ట్ ఉన్నంతసేపే.

గాజువాక_గిరి | 10:37

చెల్లెమ్మా ఇది అర్థమైంది. పడుకోవట్లేదు.

గాజువాక_గిరి | 10:39

అయితే అన్నంలో నెయ్యి వేసుకుంటే ఆ చుట్టలోకి నెయ్యి దూరుతుందా?

వంటింటి_బీఎస్సీ | 10:52

మంచి అనుమానమే అన్నయ్యగారూ. కొవ్వు ఆమ్లం ఒంటిపోగు గొలుసైతే దూరుతుంది. నెయ్యిలో ఎక్కువ భాగం ట్రైగ్లిజరైడ్, మూడు గొలుసులు ఒకచోట కట్టేసి ఉంటాయి, అది అంత సన్నని చుట్టలో పట్టదు. అందుకే బ్రెడ్డు తయారీలో గ్లిజరాల్ మోనోస్టియరేట్ వాడతారు, దానికి ఒకటే గొలుసు, తిన్నగా లోపలికి వెళ్లి కూర్చుంటుంది. అప్పుడు ఆ అమైలోజ్ స్వభావమే మారిపోతుంది: నీళ్లు పీల్చి ఉబ్బడం తగ్గుతుంది, జిగురు తగ్గుతుంది, ఎంజైములకి అరగడం నెమ్మదిస్తుంది. ముందే కొవ్వు కూర్చున్న చుట్టలోకి అయోడిన్ రాలేదు కాబట్టి నీలం కూడా తక్కువే వస్తుంది.

మొండిఘటం | సోమవారం ఉదయం 7:05

పొద్దున్నే చూశాను ఈ థ్రెడ్. బాగుంది గానీ అందరూ ఒకే వైపు లాగుతున్నారు, గెస్ట్ రాగానే ప్రతి హోస్టూ ఒళ్లు విరుచుకుంటుందన్నట్టు. కొంచెం ఆగండి. అతి గట్టిగా పట్టుకునే హోస్టులు అసలు మారనివి. మాస్టారు చెప్పిన నోబెల్‌లోనే ఉన్న క్రామ్ జీవితమంతా చెప్పింది ఇదే. ఆయన స్ఫెరాండ్ అనే హోస్ట్ తయారుచేశాడు, గెస్ట్ రాకముందే అందులోని ఆక్సిజన్లన్నీ మధ్యలోకి చూస్తూ బిగించి ఉంటాయి, అటూ ఇటూ తిరగడానికి చోటే లేదు. అదే అణువుని ఒకచోట తెంపి వదులుగా చేసిన దానితో పోలిస్తే స్ఫెరాండ్ లిథియంని 10^12 రెట్లకి మించి గట్టిగా పట్టింది. శక్తి లెక్కలో అది మోల్‌కి సుమారు 68 కిలోజౌల్‌లు. ఆ తేడా అంతా ఎక్కడిది? వదులుగా ఉన్నది గెస్ట్ కోసం తనను తాను సర్దుకోవాలి, ఆ ఖర్చు బంధక శక్తిలోంచే పోతుంది.

కుకుర్బిట్యూరిల్ అనే ఇంకో హోస్ట్ చూడండి. 1905లో బెహ్రెండ్ తయారుచేశాడు, 1981లో మాక్ బృందం దాని నిర్మాణం తేల్చింది, గుమ్మడికాయ ఆకారం, బిగువైన గోడలు. ఏడు ముక్కల కుకుర్బిట్యూరిల్‌లోకి డైఅమాంటేన్ అనే వజ్రంలాంటి అల్లిక ఉన్న డైఅమోనియం అయాన్ వెళ్తే బంధక స్థిరాంకం 7.2 × 10^17, 2014లో కొలిచారు. ప్రకృతిలో గట్టి జంట అని చెప్పుకునే అవిడిన్ ప్రోటీన్-బయోటిన్ విటమిన్‌లది 10^15 చుట్టుపక్కల. మారకుండా కూర్చున్న హోస్ట్ అంత పట్టు చూపించింది. తమ్ముడూ, ఇది లేకపోతే నీ సెమినార్ ఒంటికాలి మీద నిలబడుతుంది.

ఎంవీపీ_మాస్టారు | 7:48

ఒప్పుకుంటాను. పైగా నీ మాట నా మాటకి అడ్డు కాదు నాయనా. సర్దుకోవడానికి ఖర్చు ఉందన్నావు, అంటే సర్దుబాటు ఉందనే కదా. గట్టిగా పట్టుకోవడమే పని అయితే బిగువుగా ఉన్న హోస్ట్ కావాలి. పట్టుకున్న సంగతి పక్కవాడికి తెలియజేయాలంటే, పట్టు వదలాల్సిన చోట వదలాలంటే మారే హోస్ట్ కావాలి. స్ఫెరాండ్ చేతిలో పడ్డ లిథియంని బయటికి తెప్పించడం ఎంత కష్టమో క్రామ్‌కే తెలుసు.

మొండిఘటం | 7:55

సరే. అయితే ఇంకోటి. సర్దుకుంటుంది అన్నారు, గెస్ట్ వచ్చాక సర్దుకుంటుందా, లేక హోస్ట్ తనంతట తాను నాలుగు రూపాల్లో ఊగుతూ ఉంటే గెస్ట్ వాటిలో తనకి నచ్చినదాన్ని ఎంచుకుంటుందా? చివర్లో స్ఫటికం తీసి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కోష్లాండ్ పేరు చెప్పగానే సెమినార్‌లో ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు, రాసిపెట్టుకోండి.

మద్దిలపాలెం_కుర్రాడు | 8:10

అన్నా భయపెడుతున్నావు. వేస్తే ఏం చెప్పాలి?

మొండిఘటం | 8:31

వేగం కొలవాలి అని చెప్పు. గెస్ట్ గాఢత బాగా ఎక్కువగా పెట్టి, సమతాస్థితికి చేరే వేగం చూస్తారు. గెస్ట్ పెంచుతుంటే ఆ వేగం తగ్గుతూ పోయిందంటే హోస్ట్ ముందే మారి ఉన్న రూపాన్ని గెస్ట్ ఎంచుకుంటున్నట్టు. పెరుగుతూ పోతే మాత్రం తేల్చలేం, రెండు దారుల్లోనూ అలా రావచ్చు. చాలామంది పెరిగింది కాబట్టి ఇండ్యూస్డ్ ఫిట్ (గెస్ట్ వచ్చాకే హోస్ట్ సర్దుకోవడం) అని రాసేస్తారు, అక్కడ పట్టుకుంటారు నిన్ను.

పరవాడ_షిఫ్ట్ | మధ్యాహ్నం 2:20

నైట్ షిఫ్ట్ దిగి పడుకుని లేచి చూస్తున్నా. ఫార్ములేషన్‌లో సైక్లోడెక్స్‌ట్రిన్‌లతోనే నా బతుకు కాబట్టి ఆ ముక్క నేను చెప్తాను. గ్లూకోజులు రింగులా కలిస్తే సైక్లోడెక్స్‌ట్రిన్: ఆరైతే ఆల్ఫా, ఏడైతే బీటా, ఎనిమిదైతే గామా. లోపల నూనె స్వభావం, బయట నీటి స్వభావం. 1891లో విలియే మొదట చూశాడు.

లోపల నీళ్లు తప్ప వేరే గెస్ట్ లేని ఆల్ఫా స్ఫటికంలో ఆరు గ్లూకోజుల్లో ఒకటి పక్కకి ఒరిగి ఉంటుంది, రింగు అంచున ఉండాల్సిన హైడ్రోజన్ బంధాల వరస అక్కడ తెగుతుంది. సేంగర్ బృందం 1970ల్లో తీసిన నిర్మాణాల్లో ఇది స్పష్టంగా ఉంది. లోపల నీటి బదులు సరిపడే గెస్ట్ కూర్చుంటే ఒరిగిన గ్లూకోజు లేచి నిలబడుతుంది, రింగు మంచి షడ్భుజి అవుతుంది. బీటాలో ఆ హైడ్రోజన్ బంధాల వరస ముందే పూర్తిగా ఉంటుంది, అందుకే అది బిరుసు, ఆకారంలో పెద్ద మార్పు రాదు. మొండిఘటం గారి పార్టీ అన్నమాట.

ఆకారం మారలేదు కాబట్టి బీటా మీద గెస్ట్ ప్రభావం లేదు అనుకోకండి. కరిగే గుణం చూడండి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో ఆల్ఫా దాదాపు 145 గ్రాములు, గామా 232, బీటా మాత్రం 18.5 గ్రాములే. దీంట్లో టోలుయిన్ పోస్తే ఆ కాస్త కూడా కరగకుండా తెల్లగా అడుగున పడిపోతుంది. గెస్ట్ కరగడం పెరగాల్సింది పోయి హోస్టే దిగిపోయింది! హిగుచి, కానర్స్ 1965లో పెట్టిన ఫేజ్ సాల్యుబిలిటీ గ్రాఫుల్లో (హోస్ట్ పెంచుతుంటే గెస్ట్ ఎంత కరుగుతుందో చూపేవి) దీన్ని బీఎస్ రకం అంటాం, గీత కాస్త పైకెళ్లి, అడ్డంగా నడిచి, కిందికి దిగుతుంది. మా జూనియర్లు ఆ గ్రాఫ్ రాగానే ప్రయోగం చెడిపోయిందని వచ్చి నా దగ్గర మొహం వేలాడేస్తారు.

తయారీలో ఇదే గుణంతో పని చేయించుకుంటారు. స్టార్చ్ మీద ఎంజైమ్ పని చేస్తే ఆల్ఫా, బీటా, గామా మూడూ కలగాపులగంగా వస్తాయి. అందులో టోలుయిన్ ఉంటే బీటా ఎప్పటికప్పుడు దానితో కాంప్లెక్స్ (జంట) అయి దిగిపోతుంది, ఎంజైమ్ ఆ లోటు పూడ్చడానికి మళ్లీ బీటానే చేస్తుంది. డెకనాల్ వేస్తే ఆల్ఫా ఎక్కువ వస్తుంది. సైక్లోహెక్సాడెసినోన్ అనే పెద్ద రింగు కీటోన్ వేస్తే గామా. ఎంజైమ్ అదే, స్టార్చ్ అదే. ఏ హోస్ట్ పుట్టాలో గెస్ట్ నిర్ణయిస్తోంది. తమ్ముడూ, నేనే నీ స్థానంలో ఉంటే సెమినార్ ఈ స్లైడ్‌తో మొదలుపెడతాను, ఫిషర్‌తో కాదు. మాస్టారు ఏమీ అనుకోకూడదు.

ఎంవీపీ_మాస్టారు | 2:44

అనుకోను. నాకూ అదే బాగుందనిపిస్తోంది. ఫిషర్ ఎక్కడికీ పోడు.

డాక్_పెదవాల్తేరు | సాయంత్రం 6:15

మత్తు డాక్టర్ని. గామా సైక్లోడెక్స్‌ట్రిన్ మాట వచ్చింది కాబట్టి. ఆపరేషన్‌కి కండరాలు వదులు చేయడానికి రోకురోనియం ఇస్తాం. దాన్ని తిప్పికొట్టడానికి సుగమాడెక్స్ ఉంది, యూరప్‌లో 2008లో, అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. అది గామా సైక్లోడెక్స్‌ట్రినే, ఎనిమిది గ్లూకోజులకీ ఒక్కొక్క కార్బాక్సిలేట్ చేయి తగిలించారు. ఆ చేతులన్నీ రుణావేశం, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ కుహరాన్ని తెరిచి ఉంచుతాయి, లోతు కూడా పెంచుతాయి. రోకురోనియం స్టెరాయిడ్ భాగం లోపలికి జారుతుంది, దాని ధనావేశ నత్రజని దగ్గరికి ఈ చేతులు చేరతాయి. సూది వేసిన రెండు మూడు నిమిషాల్లో మానిటర్ మీద కండరం స్పందన లేచి రావడం చూస్తే, కెమిస్ట్రీ చదివిన రోజులు గుర్తొస్తాయి.

కానీ గెస్ట్ వల్ల హోస్ట్ మారడానికి రక్తాన్ని మించిన ఉదాహరణ ఉందా? ఇంతసేపూ హీమోగ్లోబిన్ ఎవరూ ఎత్తలేదేమిటి? ఆక్సిజన్ లేనప్పుడు హీమ్ అనే రింగు మధ్యలోని ఇనుము ఆ రింగు తలానికి దాదాపు 0.4 ఆంగ్‌స్ట్రాంలు బయట ఉంటుంది. ఆక్సిజన్ అంటుకోగానే తలంలోకి దిగుతుంది, దాన్ని పట్టుకుని ఉన్న హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని లాగుతుంది, హిస్టిడిన్ తనున్న ప్రోటీన్ చుట్టని (హెలిక్స్) లాగుతుంది, చివరికి హీమోగ్లోబిన్‌లోని నాలుగు ప్రోటీన్ గొలుసుల్లో ఒక జంట ఇంకో జంట మీద సుమారు 15 డిగ్రీలు తిరుగుతుంది. దాంతో మిగతా హీమ్‌లకి ఆక్సిజన్ మీద మోజు పెరుగుతుంది. ఊపిరితిత్తుల్లో నిండడం, కండరాల్లో వదలడం రెండూ ఇందువల్లే కుదురుతున్నాయి. కండరాల్లో ఉండే మయోగ్లోబిన్‌కి ఒకటే హీమ్, చెప్పుకోవడానికి పక్కవాడు లేడు, అందుకే అది నిల్వకే పనికొస్తుంది. 2,3-బీపీజీ అని ఇంకో గెస్ట్ ఉంది, ఆక్సిజన్ లేని రూపంలో మధ్యనున్న సందులో కూర్చుని ఆ రూపాన్నే నిలబెడుతుంది. ఒకే హోస్ట్, ఇద్దరు గెస్టులు, చెరోవైపు లాగుతారు.

ఎంవీపీ_మాస్టారు | 6:40

డాక్టర్ గారూ, దీనికి 1938 నాటి ముచ్చట ఒకటి కలపాలి. హౌరోవిట్జ్ అనే ఆయన ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్ స్ఫటికాలు మైక్రోస్కోప్ కింద చూస్తున్నాడు, ఊదా రంగు షడ్భుజి పలకలు. కవర్‌స్లిప్ అంచు నుంచి గాలి లోపలికి వస్తుంటే, గాలి తగిలిన చోట పలకలు చెదిరిపోయి ఎర్రటి సూదుల్లాంటి కొత్త స్ఫటికాలు లేచాయి. లోపలికి వెళ్లింది ఆక్సిజన్ అంత చిన్న అణువు, మారిపోయింది మొత్తం స్ఫటికం. ఎక్స్-రేలో ఆ నిర్మాణాలు బయటపడక చాలా ఏళ్ల ముందే కంటికి కనిపించిన సాక్ష్యం అది.

డాల్ఫిన్‌నోస్_దగ్గర | రాత్రి 8:02

నేను సముద్రం లోపలి గ్యాసు వైపు మనిషిని. మీరంతా ఉన్న హోస్ట్‌కి ఏమవుతుందో చెప్తున్నారు, గెస్ట్ లేకపోతే అసలు ఉండని హోస్ట్ గురించి నేను చెప్తా. గ్యాస్ హైడ్రేట్. చల్లదనం, ఒత్తిడి రెండూ ఉన్న చోట నీటి అణువులు పంజరాలు కట్టుకుని మీథేన్‌ని లోపల పెట్టుకుంటాయి. మన విశాఖ తీరానికి కాస్త దక్షిణాన కృష్ణా-గోదావరి బేసిన్ లోతు నీటిలో 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ నౌకతో జాతీయ కార్యక్రమం కింద తవ్వినప్పుడు బంకమట్టి పగుళ్లలో మందంగా బయటపడింది. అగ్గిపుల్ల చూపిస్తే మంచులా ఉన్నది మండుతుంది. ఒక ఘనపు మీటరు హైడ్రేట్ కరిగితే దాదాపు 164 ఘనపు మీటర్ల గ్యాసు వస్తుంది.

అసలు సంగతి, ఆ పంజరం ఎలా ఉండాలో గెస్ట్ సైజే చెప్తుంది. మీథేన్ ఒక్కటే అయితే స్ట్రక్చర్ వన్, ఒక యూనిట్‌లో 46 నీటి అణువులు, ఎనిమిది పంజరాలు. ప్రొపేన్ ఉంటే పెద్ద పంజరం కావాలి, నీళ్లు స్ట్రక్చర్ టూకి మారిపోతాయి, 136 నీటి అణువుల యూనిట్. పైపులైన్లలో గడ్డకట్టి మా ప్రాణాలు తీసేది చాలావరకూ ఈ రెండోదే, ఎందుకంటే సహజవాయువులో కాస్త ప్రొపేన్ ఉన్నా చాలు.

మొండిఘటం | 8:15

గెస్ట్ లేకుండా ఉండనిది అనకండి. 2014లో జర్మనీ వాళ్లు నియాన్ హైడ్రేట్ తీసుకుని, బాగా చల్లగా ఉంచి, వాక్యూమ్ పెట్టి నియాన్‌ని లాగేశారు. ఖాళీ పంజరం మిగిలింది, దానికి ఐస్ 16 అని పేరు కూడా పెట్టారు.

డాల్ఫిన్‌నోస్_దగ్గర | 8:19

బాబూ అది మెటాస్టేబుల్. ఇంకాస్త వేడెక్కితే మామూలు మంచు అయిపోతుంది. సముద్రం అడుగున మీ ఐస్ 16 దొరికితే నాకు ఫోన్ చెయ్యండి.

మొండిఘటం | 8:21

చేస్తా 😄

మద్దిలపాలెం_కుర్రాడు | 8:50

అందరికీ దండాలు, ఇప్పటికే మూడు సెమినార్లకి సరిపడా సరుకొచ్చింది. ఎంఓఎఫ్‌లు (లోహ అయాన్లని సేంద్రీయ చువ్వలతో కలిపి కట్టిన రంధ్రాల స్ఫటికాలు) కూడా చెప్పాలా? 2025 నోబెల్ కిటగావా, రాబ్సన్, యాఘీలకి వాటికే ఇచ్చారు కదా, చెప్పకపోతే అడుగుతారు.

మొండిఘటం | 9:10

చెప్పాలి, పైగా అక్కడే గెస్ట్ ఆటలు ఎక్కువ. ఎంఐఎల్-53 అని ఫెరే బృందం 2002 ప్రాంతంలో చేసింది, క్రోమియంది. నీళ్లు లోపలికి వస్తే దాని రంధ్రాలు నలిగి సన్నబడతాయి, వేడిచేసి నీళ్లు తీసేస్తే తెరుచుకుంటాయి. గోడలు ఐదు ఆంగ్‌స్ట్రాంల దాకా కదులుతాయి, స్ఫటికం మాత్రం ముక్కలవ్వదు. ఆరబెట్టిన దాంట్లోకి గది వేడి దగ్గర కార్బన్ డయాక్సైడ్ పంపితే తక్కువ ఒత్తిడిలో ముడుచుకుంటుంది, సుమారు 6 బార్ దాటాక మళ్లీ విచ్చుకుంటుంది. మీథేన్ పంపితే ఏమీ చెయ్యదు, అలాగే ఉంటుంది. అంటే ఏ గెస్ట్ వచ్చిందో హోస్ట్ గుర్తుపడుతోంది.

అన్నిటికంటే వింత డీయూటీ-49 అనే ఇంకో ఎంఓఎఫ్. డ్రెస్డెన్ వాళ్లు 2016లో ప్రచురించారు. 111 కెల్విన్ దగ్గర మీథేన్ ఎక్కిస్తూ పోతున్నారు, ఒక దశలో ఇంకాస్త ఎక్కించగానే లోపల ఉన్నది పీల్చుకోవడం మానేసి బయటికి కక్కింది. గ్రాఫులో పీల్చుకున్న పరిమాణం వెనక్కి పడింది, గదిలో ఒత్తిడి పెరిగింది. లోపల చేరిన గెస్ట్ అణువుల ఆకర్షణకి ఫ్రేమ్‌వర్క్ చువ్వలు వంగిపోయి రంధ్రాలు కుంచించుకుపోయాయి, చోటు లేక గ్యాసు బయటపడింది. మామూలుగా అలాంటి గ్రాఫ్ వస్తే వాల్వు లీకయిందని పరికరం విప్పుతాం. నాకైతే ఈ పది పదిహేనేళ్లలో నచ్చిన గ్రాఫ్ ఇదే.

పరవాడ_షిఫ్ట్ | 9:35

తమ్ముడూ, సెమినార్‌లో మీ ల్యాబ్ డేటా ఏమైనా పెడుతున్నావా? ఎన్ఎంఆర్ (అణువులోని హైడ్రోజన్లు ఎలాంటి చోట ఉన్నాయో చూపే స్పెక్ట్రం) ఉందా?

మద్దిలపాలెం_కుర్రాడు | 9:44

ఉందన్నా. బీటా సైక్లోడెక్స్‌ట్రిన్, ఆస్పిరిన్, డీ2ఓలో (భారజలం) తీయించాం. జాబ్ ప్లాట్ (హోస్ట్, గెస్ట్ ఏ నిష్పత్తిలో కలుస్తాయో చూపే గ్రాఫ్) కూడా వేశాను, 1:1 వచ్చింది. డీఎస్‌సీలో (వేడిచేస్తూ ఎక్కడ కరుగుతుందో చూసే పరీక్ష) ఆస్పిరిన్ పీక్ మాయమైంది.

పరవాడ_షిఫ్ట్ | 10:02

అయితే విను. హోస్ట్‌లో హెచ్3, హెచ్5 ప్రోటాన్లు కుహరం లోపలికి చూస్తాయి, హెచ్1, హెచ్2, హెచ్4 బయటికి. బెంజీన్ రింగు నిజంగా లోపలికి వెళ్తే హెచ్3, హెచ్5 పీకులు అప్‌ఫీల్డ్‌కి (స్పెక్ట్రంలో కుడివైపుకి) జరుగుతాయి, బయటివి దాదాపు కదలవు. ఆ రెండు పీకుల్నీ పెద్దవి చేసి స్లైడ్ మీద పెట్టు, గెస్ట్ వల్ల హోస్ట్‌కి ఏమైందని మీ మేడమ్ అడిగిన దానికి నీ సొంత జవాబు అదే. హెచ్5 కంటే హెచ్3 ఎక్కువ జరిగిందంటే రింగు వెడల్పు అంచు వైపు నుంచి దూరి పైపైనే ఉందని అనుమానించొచ్చు. రోయెసీ (ఏ ప్రోటాన్లు దగ్గరగా ఉన్నాయో చూపే ఎన్ఎంఆర్) ఉంటే ఇంకా మంచిది.

రిఫరెన్స్ (పీకుల స్థానం కొలిచే సున్నా గుర్తు) దేనితో పెట్టావో చూసుకో. చాలామంది టీఎస్‌పీనో డీఎస్‌ఎస్‌నో శాంపిల్‌లోనే కలిపేస్తారు. ఆ రెండూ బీటా సైక్లోడెక్స్‌ట్రిన్‌లోకి దూరే గెస్టులే! నువ్వు కొలవాలనుకున్న కుహరంలో రిఫరెన్స్ కూర్చుంటే, జరిగింది ఆస్పిరిన్ వల్లో దాని వల్లో తెలియదు. విడిగా కేపిలరీలో పెట్టి తీయించు, లేదా హెచ్ఓడీ పీక్ (డీ2ఓలో మిగిలిన నీటిది) ఆధారంగా చూడు, అప్పుడు ఉష్ణోగ్రత మాత్రం మారకూడదు.

డీఎస్‌సీ పీక్ పోయిందంటే కాంప్లెక్స్ అయిందని అప్పుడే రాయకు. స్ఫటిక రూపం పోయి అమార్ఫస్ (క్రమం లేని పొడి) అయినా పీక్ పోతుంది. రెండు పొడులూ ఊరికే కలిపిన ఫిజికల్ మిక్స్చర్ పక్కన పెట్టి చూపించు.

మొండిఘటం | 10:11

జాబ్ ప్లాట్ మీద నమ్మకం పెట్టుకోకు. 2016లో హిబర్ట్, తోర్డార్సన్ దాన్ని ఉతికి ఆరేశారు. బలహీనమైన బంధాల్లో 1:1 కానిది కూడా 1:1లా కనిపిస్తుంది. హోస్ట్ గాఢత స్థిరంగా ఉంచి గెస్ట్ పెంచుతూ టైట్రేషన్ చెయ్యి, మొత్తం గ్రాఫుని 1:1, 1:2 రెండు మోడళ్లకీ ఫిట్ చేసి, మిగిలిపోయిన తేడాలు చూడు. అవి యాదృచ్ఛికంగా చెల్లాచెదురుగా ఉంటే ఆ మోడల్ నిలుస్తుంది. అలలా ఊగుతుంటే నిలవదు.

మద్దిలపాలెం_కుర్రాడు | 10:20

రిఫరెన్స్‌గా డీఎస్‌ఎస్ శాంపిల్‌లోనే వేసి పంపారంట, ఇప్పుడే ఆపరేటర్ని అడిగాను. రేపు పొద్దున్న మళ్లీ స్లాట్ దొరుకుతుందేమో చూస్తాను. ఆస్పిరిన్ తాజాగా కలపాలి కదా?

పరవాడ_షిఫ్ట్ | 10:24

అప్పటికప్పుడు కలుపు. నీటిలో నిలవ ఉంటే సాలిసిలిక్ ఆమ్లంగా విడిపోతుంది, అది ఇంకో గెస్ట్. హోస్ట్ ఒక్కటీ ఉన్న బ్లాంక్ కూడా అదే రోజు, అదే డీ2ఓ సీసాలోంచి తీయించు.